గీజరుకు కొత్త థర్మోస్టాట్: తీగలు కలిపేవేళ గృహస్థులు గమనింపవలసినవి

(ప్రసంగ పాఠం)



బెంగళూరులో మార్గశిర, పుష్య మాసాల ఉదయాలు చన్నీటి స్నానానికి అనుకూలమైనవి కావు. రాయలసీమ నుంచో, కోస్తా జిల్లాల నుంచో ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ అద్దె ఇంట కాపురముంటున్న కుటుంబానికి తొలి చలికాలంలోనే గీజరు అవసరం తెలిసివస్తుంది. ఆ గీజరు ఒకనాడు నీరు కాచడం మానివేస్తుంది. ఇంటి యజమాని పనివానిని పంపుతాడు. అతడు మూత విప్పి చూచి, "థర్మోస్టాట్ పోయింది, ఇప్పటికి డైరెక్ట్ ఇచ్చేస్తాను" అంటాడు. పది నిమిషాలలో పని ముగుస్తుంది. నీరు మరల వేడెక్కుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఈ ప్రసంగానికి విషయం ఆ "డైరెక్ట్" అనే మాటే.

థర్మోస్టాట్ అంటే నిర్ణీతమైన వేడి వద్ద విద్యుత్తును తెంచి, నీరు చల్లారిన తరువాత మరల కలిపే స్విచ్చి. గీజర్లలో తరచుగా కనిపించేది కడ్డీ రకం. దానిలో ఇత్తడి గొట్టం లోపల ఇన్వార్ అనే ఇనుము, నికెల్ మిశ్రమలోహపు కడ్డీ ఉంటుంది. వేడికి ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు. ఆ వ్యత్యాసమే స్విచ్చిని కదిలిస్తుంది. ఈ లోహాన్ని 1896లో కనుగొన్న షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. స్నానాల గదిలో గోడకు వేలాడే పెట్టెలో అంతటి ఘనత గల వస్తువున్నదని చాలామంది ఎరుగరు.

దానికి తోడుగా కటౌట్ అనే రెండవ కాపలాదారు ఉంటాడు. సినిమా కథానాయకుల కటౌట్‌కూ దీనికీ సంబంధం లేదు. థర్మోస్టాట్ తన విధిని మరచినప్పుడు, నీరు మితిమీరి కాగకముందే ఇది సరఫరాను నిలిపివేస్తుంది. చాలా కటౌట్‌లు చేతితో బొత్తాం నొక్కితే తప్ప మరల కలవవు. ఆ బొత్తాం మాటిమాటికీ నొక్కవలసి వస్తున్నదంటే ముందుగా అనుమానింపవలసినది థర్మోస్టాట్‌ను. కాపలాదారును తప్పుపట్టి తీసివేయడం న్యాయం కాదు.

"డైరెక్ట్" చేయడమంటే ఈ రెండింటినీ, లేదా ఒకదానిని, చిన్న తీగముక్కతో దాటవేసి కాయిల్‌కు నేరుగా విద్యుత్తునివ్వడం. అప్పుడు నీరు ఎప్పుడు చాలునో చెప్పే నాథుడు ఉండడు. ఇంట్లోవారు స్విచ్చి ఆపడం మరచిన రోజున తొట్టిలోని నీరు మరిగి పీడనం పెరుగుతుంది. పీడనంలో నీరు 100 డిగ్రీలు దాటినా ద్రవంగానే నిలిచి ఉంటుంది. తొట్టి పగిలిన క్షణంలో దానిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరిగా మారుతుంది. ఆవిరి తాను పుట్టిన నీటికంటే సుమారు 1,600 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. గీజరు పేలిందనే వార్తల వెనుక ఉండే భౌతికశాస్త్రం ఇదే. చన్నీటి గొట్టం వద్ద ఉండే సేఫ్టీ వాల్వు ఈ పీడనాన్ని వదలడానికే ఉన్నది. అది చుక్కలు కారుస్తున్నదని మేకు దిగగొట్టి మూసివేసిన ఇళ్లూ లేకపోలేదు.

కనుక కొత్త థర్మోస్టాట్ వేయించడమే మార్గం. పని లైసెన్సు గల ఎలక్ట్రీషియనే చేయాలి, కాని గృహస్థు పక్కన నిలబడి చూడవచ్చు. మూత విప్పకముందే ఎం.సి.బి. ఆపించాలి, గోడ స్విచ్చి ఒక్కటే చాలదు. పాత తీగలు ఊడదీసే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోవడం మంచిది. కొత్తదాని కడ్డీ పొడవు, దానిపై ముద్రించిన ఆంపియర్లు పాతదానితో సరిపోవాలి. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. స్క్రూ వదులుగా ఉంటే ఆ ప్రవాహానికే తీగ కొస నల్లబడి కాలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫేజు దారి. ఫేజు కటౌట్‌లోనూ, థర్మోస్టాట్‌లోనూ ప్రవేశించి, ఆ పిదపనే కాయిల్ ఒక కొసకు చేరాలి. రెండవ కొసకు న్యూట్రల్, తొట్టి ఒంటికి ఎర్తు. పొరపాటున థర్మోస్టాట్‌ను న్యూట్రల్ తీగలో కలిపినా గీజరు చక్కగా పనిచేసినట్లే కనిపిస్తుంది, నీరు కాగుతుంది, ఆగుతుంది. ప్రమాదం అక్కడే దాగి ఉంది: థర్మోస్టాట్ తెంచిన తరువాత కూడా కాయిల్ ఫేజును అంటిపెట్టుకొనే ఉంటుంది. కాయిల్ పైపొర చిట్లి, ఎర్తు కూడా లేకపోతే, ఆ విద్యుత్తు నీటి గుండా కుళాయి వరకు రాగలదు.

గీజరు లోపల తీగలు సరిగా ఉన్నా, గోడలోని సాకెట్ తారుమారుగా ఉంటే ఫలితం అదే. సాకెట్‌కు ఎదురుగా నిలబడినవారికి కుడివైపు రంధ్రంలో ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన పెద్దదానిలో ఎర్తు ఉండాలి. టెస్టరు కుడివైపు వెలగాలి. పాత అద్దె ఇళ్లలో ఎర్తు రంధ్రం వెనుక తీగే లేకపోవడం కద్దు. ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది గాని మనిషిని షాకు నుంచి కాపాడదు. ఆ పనికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కావాలి. దాని ఖర్చు గురించి యజమానితో మాట్లాడడానికి మొగమాటపడనక్కరలేదు.

భాష కూడా అడ్డు కారాదు. ఫేజు, న్యూట్రల్, ఎర్తు అనే మాటలు కన్నడిగునికీ తెలుగువానికీ ఒక్కటే. "డైరెక్ట్ బేడ, హొస థర్మోస్టాట్ హాకి" అంటే చాలు, పనివానికి పూర్తిగా బోధపడుతుంది. అద్దె ఇంటిలో చేరిన రోజునే పాత గీజరు మూత విప్పించి, అంతకుముందు ఎవరైనా "డైరెక్ట్" చేసి పోయారేమో చూపించుకోవడం ఇంకా మేలు.

బిగింపు ముగిసిన తరువాత, విద్యుత్తు ఇచ్చేముందు వేడినీటి కుళాయి తిప్పి ధార ఎడతెగకుండా వచ్చేవరకు ఆగాలి. తొట్టి ఖాళీగా ఉంటే కాయిల్ కాలిపోతుంది. 15 లీటర్ల నీరు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరడానికి 2 కిలోవాట్ల కాయిల్‌కు సుమారు 21 నిమిషాలు పడుతుంది. పనివానిని అంతసేపూ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కాగుతున్నట్లు సూచించే దీపం తనంత తాను ఆరేవరకు చూడనివ్వాలి. 40 నిమిషాలైనా ఆరకుంటే ఎం.సి.బి. ఆపి, అతనిచేతనే మూత మరల విప్పించాలి. డబ్బు ఆ తరువాతనే.