ఎద్దు కంటికి ఎరుపు

జీవితమంతా పశువుల కొట్టాల మధ్యే గడిపిన ఒక వైద్యుని పేర వెలసిన వేదిక ఇది. ఆయన స్మృతికి తగిన విషయం పశువు చూపేనని నాకు తోచింది. పశువుకి లోకం ఎలా కనబడుతుందో తెలుసుకోకుండానే దాన్ని తోలుతున్నాం, కట్టేస్తున్నాం, కొడుతున్నాం.

ఎర్రచీరతో ఎద్దు ముందుకు పోవద్దని ఇళ్లలో ఇప్పటికీ అంటారు. ఆ భయానికి ఆధారం లేదు. 1923లో అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ స్ట్రాటన్ పశువుల ఎదుట వేర్వేరు రంగుల గుడ్డలు ఉంచి పరీక్షించారు. ఎరుపును చూసి అవి ప్రత్యేకంగా రెచ్చిపోవడం లేదని తేల్చారు. స్పెయిన్ ఎద్దుల పోరులోనూ ఎర్రగుడ్డ చివరి ఘట్టంలోనే బయటికొస్తుంది. మొదట్లో వాడే పెద్ద గుడ్డ ముదురు గులాబీ రంగుది. దాని మీదికీ ఎద్దు అలాగే ఉరుకుతుంది. దాన్ని రేపేది గుడ్డ కదలిక.

కారణం కంటిలోనే ఉంది. రంగుల్ని పట్టే శంకు కణాలు మన నేత్రపటలంలో మూడు రకాలు, ఆవుకి రెండే. 1998లో జెరాల్డ్ జేకబ్స్ బృందం ఆవు, మేక, గొర్రె కళ్లను పరీక్షించి ఈ సంగతి ప్రకటించింది. ఒక రకం 450 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలికి, రెండోది 550 దాటిన పసుపుపచ్చ వెలుగుకి ఎక్కువగా స్పందిస్తాయి. దీన్నే ద్వివర్ణ దృష్టి అంటారు. పశువులకు రంగులే తెలియవనడం తప్పు. నీలాన్నీ పసుపునీ అవి వేరు చేయగలవు. ఎరుపు, ఆకుపచ్చల తేడాయే వాటికి సరిగా అందదు.

మన రైతులు పశువుని ఒంటిరంగుతో గుర్తుపడతారు: కర్రావు, పుల్లావు, మైలావు, బొల్లావు. నల్లమల వైపు పొడ తూర్పు జాతికి ఒంటిమీది పొడలే పేరు తెచ్చాయి. ఈ పేర్లన్నీ మన చూపులోంచి పుట్టినవి. పచ్చికలో మేసే పుల్లావు మనకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పక్కన మేసే ఆవు మాత్రం దాన్ని రంగు కన్నా వెలుగునీడల తేడాతోనే పోల్చుకోవాలి.

ఆ వెలుగునీడల దగ్గరే మనం పశువుని అపార్థం చేసుకుంటున్నాం. కొట్టం గడప దగ్గర ఎండా నీడా కలిసే గీత మీద ఎద్దు ఠక్కున ఆగుతుంది. తల దించి, ముట్టె నేలకు దగ్గరగా పెట్టి చూస్తుంది. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడంతో చుట్టుపక్కలంతా కనబడుతుంది గానీ, రెండు కళ్లూ కలిసి చూసే మేర ఇరుకు. ముందున్నది గుంటో నీడో తేల్చుకోవడానికి దానికి సమయం పడుతుంది. మనం దాన్ని మొండితనం అనుకుని ములుగర్ర తీస్తాం. అమెరికన్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పశువులు నడిచే సందుల్లోకి తానే దిగి, వాటి కంటి ఎత్తులో చూశారు. వేలాడే గొలుసులు, నేలమీది తళతళలు, నీడలు వాటిని ఆపేస్తున్నాయని గుర్తించి సరిచేయించారు.

రైతు సోదరులారా, సోదరీమణులారా! పశువు ఆగినప్పుడు కర్ర ఎత్తకండి. అది ఎటు చూస్తోందో ముందు చూడండి. దారికి అడ్డంగా వేలాడే గుడ్డ తీసేయండి. నీడగీత మీద గడ్డి పరచండి. చీకటి కొట్టంలో దీపం వెలిగించి తోలండి. వెనక నుంచి హఠాత్తుగా మీదికి పోకండి. తల దించి చూసుకునే పశువుకి కాస్త వ్యవధి ఇవ్వండి. ఖర్చులేని ఈ పనులు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టమని చేతులు జోడించి కోరుతున్నాను.