రామప్ప, లక్నవరం: మా పిల్లలు చూసిన చెరువులు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గిరిజన విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది బీఈడీ, చేస్తున్నది వార్డెన్ పని. పెద్ద మాటలు నాకు రావు. మొన్న చలికాలంలో ఆడపిల్లల్ని రామప్ప, లక్నవరం తీసుకుపోయిన ఒక్క రోజు గురించి చెబుతాను.

మా దగ్గర కోయ, నాయకపోడు, గోండు, లంబాడీ పిల్లలున్నారు. కొందరి తల్లిదండ్రులు ఇక్కడే గోదావరిఖనిలో కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. ఆ పిల్లల్ని గుట్ట బొమ్మ గీయమంటే ఓపెన్‌కాస్ట్ మట్టి దిబ్బ గీస్తారు. వాళ్లు రోజూ చూసేది అదే మరి. అడవి పుట్టిల్లైన పిల్లలకు అడవినే చూపించాలనిపించింది.

మొదటి షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోయే వేళకు బయలుదేరాం. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు కట్టుకున్నాం. మంథని, కాటారం, భూపాలపల్లి మీదుగా గణపురం దాటి పాలంపేట చేరాం. రామప్ప గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జూలైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పునాదిలో ఇసుక నింపారని, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని చెబితే పిల్లలు నోళ్లు తెరిచి విన్నారు. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న రాతి బొమ్మ దగ్గర మాత్రం ఎంత పిలిచినా కదల్లేదు.

గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు. కట్ట మీద కూర్చుని అన్నం తింటుంటే ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి అడిగింది: "మేడం, సమ్మక్క తల్లితో కొట్లాడింది వీళ్లేనా?"

ఆ ప్రశ్న అక్కడి ఏ బోర్డు మీదా లేదు. నిజం చెప్పాలి కదా. మేడారం కథలో మన పెద్దలు చెప్పే రాజు ప్రతాపరుద్రుడు. ఈ గుడి కట్టినప్పటికీ ఆయన కాలానికీ సుమారు వందేళ్ల దూరం. వంశం మాత్రం ఒకటే. కరువొచ్చి పన్ను కట్టలేమంటే సైన్యం వచ్చిందని మన కథ. "అయితే చెరువు కట్టించింది వాళ్లే, పన్ను అడిగిందీ వాళ్లేనా?" అంది. రెండూ వాళ్లే అన్నాను. తవ్వించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, తట్టలు మోసిన వాళ్ల పేర్లు ఉండవు, వాళ్లు ఎవరై ఉంటారో ఆలోచించమన్నాను. పిల్లలు కాసేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచి లక్నవరం. గుట్టల మధ్య సందులకు చిన్న చిన్న కట్టలు వేసి కాకతీయుల కాలంలోనే ఆపిన నీళ్లవి. మన దగ్గర బొగ్గు కోసం తవ్విన గుంత గుంతగానే మిగులుతుంది. ఇక్కడ ఆపిన నీళ్లు ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా పొలాలకు పారుతున్నాయి. వేలాడే వంతెన ఊగుతుంటే పిల్లలు ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని కేకలు పెట్టారు.

వంతెన దాటాక ఎక్కడి నుంచో వచ్చిన ఒకాయన, "మీరు కోయోళ్లా? ఒక పాట పాడండి, వీడియో తీస్తా" అన్నాడు. చెడ్డ మనిషేమీ కాదు, నవ్వుతూనే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఇందాక ప్రశ్న అడిగిన పిల్లే ముందుకొచ్చింది. "అంకుల్, మేం కూడా మీ లెక్కనే చూసిపోదామని వచ్చినం" అంది. ఆయన సారీ అమ్మా అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆ పిల్ల సంగతి మీకు చెప్పాలి. వాళ్ల ఊరు తాడ్వాయి వైపు. ఎవరో ఎగతాళి చేశారని, బడిలో మాది వరంగల్ అని చెప్పుకునేది. తిరుగు ప్రయాణంలో గోవిందరావుపేట దాటుతుంటే కిటికీలోంచి వెనక్కి చెయ్యి చూపించి, "ఈ రోడ్డే మా అవ్వోళ్ల ఊరికి పోతది" అని బస్సంతా వినేలా చెప్పింది. నాకు ఆ రోజు ఖర్చంతా గిట్టుబాటైంది.

ములుగులో చాయ్ కోసం ఆగాం. చిన్న ఊరు. 2019లో జిల్లా కేంద్రమైంది. సమ్మక్క సారక్క పేరుతో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది ఇక్కడికే. "ఇంటర్ అయినంక ఇక్కడికే వస్తరా?" అంటే ఆరేడు చేతులు లేచాయి.

సంఘం పెద్దలకు నా విన్నపాలు మూడు. ఏటా ఒక్కసారైనా పిల్లల్ని ఇలా తీసుకుపోవడానికి సాయం చేయండి. వారం మధ్యలో పోతే రద్దీ తక్కువ, పిల్లలు నింపాదిగా చూస్తారు. రెండోది, మన కథ తెలిసిన పెద్దమనిషిని ఒకరిని బస్సులో కూర్చోబెట్టండి. నాకు తెలిసింది పుస్తకంలోది, వాళ్లకు తెలిసింది నోటిది. పిల్లలకు రెండూ కావాలి. మూడోది, మీ ఇళ్లలో పిల్లలు ఊరి పేరు దాస్తుంటే కోప్పడకండి. ఒకసారి ఆ ఊరి తొవ్వ చూపించండి చాలు.

ఆ పిల్ల ఇక్కడే ముందు వరుసలో ఉంది. పేరు చెప్పనులెండి, ఇప్పటికే తల దించుకుంది. సెలవు. జోహార్.