లోపం సంఖ్య ఏం చెబుతుంది?

వెబ్ సర్వర్‌లోని స్క్రిప్టు డేటాబేస్‌ను ఒక పని అడుగుతుంది. ఆ పని కుదరకపోతే డేటాబేస్ ఒక సంఖ్యను, దానితో పాటు ఒక వాక్యాన్ని పంపుతుంది. వాక్యం మనుషులు చదువుకోవడానికి, సంఖ్య స్క్రిప్టు నిర్ణయం తీసుకోవడానికి. నేటి పాఠం ఈ సంఖ్య గురించే.

ఢిల్లీలోని సరోజినీ నగర్ మార్కెట్‌లో ఒక చిన్న బట్టల దుకాణం ఉందనుకుందాం. యజమాని పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌లతో వెబ్‌సైటు పెట్టాడు. ఆర్డరు పేజీ తెరిచినప్పుడే దానికొక ఆర్డరు నంబరు వస్తుంది. ఆ నంబరు రెండుసార్లు నమోదు కాకుండా యునీక్ కీ ఉంది.

దీపావళి రద్దీలో ఒకావిడ బటన్‌ను రెండుసార్లు నొక్కింది. రెండోసారి 1062 వస్తుంది. అంటే ఆ నంబరుతో ఆర్డరు ముందే ఉంది. తెరపై "లోపం" అని చూపితే ఆవిడ మళ్ళీ డబ్బు కడుతుంది. "మీ ఆర్డరు అందింది" అని చెప్పాలి.

1213 వస్తే డెడ్‌లాక్. రెండు లావాదేవీలు ఒకదాని కోసం ఒకటి ఆగిపోయాయి. ఇన్నోడీబీ ఒకదాన్ని పూర్తిగా రద్దు చేస్తుంది. దాన్ని మొదటి నుంచి మళ్ళీ నడపండి, రెండు మూడుసార్లకు మించవద్దు. 1205 దీనికి దగ్గరిదే, కాని ఒక తేడా ఉంది. మామూలు అమరికలో 50 సెకన్లు ఆగాక ఆ ఒక్క ఆదేశమే రద్దవుతుంది. అంతకుముందు చేసినవి అలాగే ఉంటాయి. కాబట్టి ముందు రోల్‌బ్యాక్ మీరే చేయాలి.

అన్నిటికన్నా చిక్కు 2013. పని మధ్యలో సంబంధం తెగింది. ఆర్డరు నమోదైందో లేదో స్క్రిప్టుకు తెలియదు. అదే నంబరుతో మళ్ళీ పంపండి. 1062 వస్తే మొదటిదే నమోదైందన్నమాట. కొత్త నంబరుతో పంపితే మాత్రం రెండు ఆర్డర్లయ్యే ప్రమాదం ఉంది.

1045 అంటే పాస్‌వర్డు లేదా వాడుకరి పేరు సరిపోలేదని. దీనికి కొనుగోలుదారు చేయగలిగింది లేదు. వివరం లాగ్‌లో రాయండి, తెరపై క్షమాపణ చాలు. అసలు వాక్యం చూపితే డేటాబేస్ వాడుకరి పేరు అందరికీ తెలిసిపోతుంది.

చివరిగా ఒక జాగ్రత్త. పీడీఓ 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8.0 నుంచి, మైఎస్‌క్యూఎల్‌ఐ 2021లో వచ్చిన 8.1 నుంచి లోపాలను వాటంతటవే ఎక్సెప్షన్లుగా పంపుతున్నాయి. అయితే పీడీఓలో గెట్‌కోడ్ ఇచ్చేది 23000. ఖాళీ విలువ వల్ల వచ్చే 1048కి కూడా అదే వస్తుంది. అసలు సంఖ్య ఎర్రర్‌ఇన్‌ఫోలో రెండో అంశం.

అభ్యాసం: మీ స్క్రిప్టులో 1062ను కావాలని రప్పించి, తెరపై ఏం కనిపిస్తుందో చూడండి.