సంగటి ముద్ద, తెల్లన్నము, చక్కెర జబ్బు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మనమందరమూ వేపపూత పచ్చడి తిని వచ్చినాము. చేదును ముందుగా ఒప్పుకొనే పండుగ ఇది. కనుక చేదు మాటతోనే మొదలుపెడతాము. మేము ముగ్గురన్నదమ్ములము. నలభై ఏండ్లు దాటగానే ముగ్గురికీ నెత్తురులో చక్కెర ఎక్కువైనదన్నారు. డెబ్బది ఏండ్లు బ్రతికిన మా తండ్రిగారికి ఆ బాధ లేకపోయినది.

మాది కుప్పం దగ్గరి పల్లె. హోసూరు ఫ్యాక్టరీలలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడినాము. అక్కడా ఇక్కడా మెట్టచేల పంట ఒకటే: రాగులు, ఉలవలు, అనపకాయలు. నాన్నగారు సంగటి తిని పొద్దుగూకేదాకా మడక దున్నేవారు. మేము మూడు పూటలా తెల్లన్నము, ఇడ్లీ, నడుమ తీపి కాఫీ మరిగి, కదలక కూర్చున్నాము. "మాంసము ముట్టము గదా, మనకేమి భయము" అనుకొన్నాము. అక్కడే పొరబడినాము.

ఇన్సులిన్ అన్నది కణముల తలుపు తట్టి చక్కెరను లోనికి పంపే రసము. కాలేయములోను, కండరములోను కొవ్వు పేరుకొంటే ఎంత తట్టినా ఆ తలుపు సరిగా తెరుచుకోదు. 2020లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో స్థూలకాయులు 244 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 16 వారములు కొవ్వు తక్కువైన శాకాహారము మాత్రమే పెట్టినారు. వారిలో ఆ కొవ్వు తగ్గి, ఇన్సులిన్ మాట చెల్లుబడి అయినది. వారు తిన్నవి కూరగాయలు, పప్పులు, ముడిధాన్యములు, పండ్లు. బజ్జీలూ జిలేబీలూ కావు. శాకాహారమను పేరు ఒక్కటే చాలదని దీని అర్థము.

భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే 2023లో వెలువడినది. దాని ప్రకారము దేశములో 10 కోట్ల మందికి ఈ జబ్బున్నది. 13 కోట్ల 60 లక్షల మంది దాని గట్టున నిలిచి ఉన్నారు. గట్టున ఉన్నవారు వెనుకకు రాగలరు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందము 2006లో ప్రకటించిన పరిశోధనలో, తిండి, నడక దిద్దుకొన్నవారికి మూడేండ్లలో జబ్బు ముప్పు 28 శాతము తగ్గినది.

అయితే సంగటిని మందనుకోవద్దు. రాగులలోనూ పిండిపదార్థమే ఎక్కువ. బెల్లము కలిపిన జావ చక్కెరను పెంచకపోదు. మా ఇంట ఇప్పుడు కంచములో సగము కూరలు, ఆకుకూరలు. పావు వంతు ఉలవలో అనపగింజలో పప్పో. మిగిలిన పావు వంతే సంగటి గాని అన్నము గాని. కృష్ణగిరి మామిడిని రసము తీయక, ముక్కలుగా, కొద్దిగా తింటాము. భోజనమైన తరువాత నడుస్తాము.

రెండు హెచ్చరికలు. మందు వాడేవారు డాక్టరు నడుగక మోతాదు మార్చరాదు. పాలు, పెరుగు కూడా మానినవారు బి12 విటమిను విడిగా తీసుకోవలెను.

నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ఒక్కమారు నెత్తురు పరీక్ష చేయించుకొనండి. ఊరు విడిచి వచ్చినా భాషను విడువలేదు మనము. పల్లెలోని పప్పులనూ ఆకుకూరలనూ మాత్రము ఎందుకు విడువవలెను? ఈ ఏడు మన కంచములకు కూడా కొత్త సంవత్సరము కావలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.