విద్యుత్తు కారు: చిన్న బ్యాటరీయా, పెద్ద బ్యాటరీయా?



విద్యుత్తుతో నడచు కార్లు మన గ్రామములకును వచ్చుచున్నవి. ఒకే కారును చిన్న బ్యాటరీతో నొక ధరకును, పెద్ద బ్యాటరీతో నంతకంటె హెచ్చు ధరకును అమ్ముట కలదు. వీనిలో నేది కొనదగినదో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

2022వ సంవత్సరమున వెలువడిన టాటా టియాగో విద్యుత్తు కారును ఉదాహరణముగా తీసికొందము. దాని చిన్న బ్యాటరీ 19.2 యూనిట్లును, పెద్దది 24 యూనిట్లును విద్యుత్తును పట్టునది. మన యింటి మీటరు కొలుచు యూనిట్లే యివి. ఒకసారి నింపినచో మొదటిది 250, రెండవది 315 కిలోమీటర్లు నడచునని అప్పుడు ప్రకటించిరి. అయితే అవి పరీక్షాశాలలో నిర్ణీతమైన వేగములతో కొలిచిన దూరములు. వేసవిలో నిండుగా జనము నెక్కించుకొని, ఏ.సీ. నడపుచు, పెద్దరోడ్డుపై వేగముగా పోయినచో అంత దూరము రాదు. వేగము రెట్టింపైనచో గాలి యడ్డగించు బలము నాలుగింతలగును.

కనుక ప్రకటించిన దూరములో మూడింట రెండు వంతులనే నేను నమ్ముదును. అందును ఐదవ వంతును ఆపత్కాలమునకై విడిచిపెట్టుదును. ఇట్లు లెక్కించినచో చిన్నదానికి 133, పెద్దదానికి 168 కిలోమీటర్లు చేతికి వచ్చును.

ఇక మీ దారిని కొలుచుకొనుడు. ఏడాదికొకమారు పోవు తిరుపతి యాత్ర ఈ లెక్కలో చేరదు. నడుమ చార్జింగు కేంద్రమున నాగి నింపుకొనవచ్చును. పురిటినొప్పులు పడు కోడలిని అర్ధరాత్రి కొనిపోవలసిన ఆసుపత్రి యెంత దూరమో అది ముఖ్యము. పగలు బజారు పనికి తిరిగిన దూరమును గూడ దానికి కలుపుడు; ఏలనన, గాలివాననాడు కరెంటు పోయి, బండి నింపుటకు వీలు కాకపోవచ్చును. పగలు 50 కిలోమీటర్లు తిరిగి, ఆసుపత్రి 30 కిలోమీటర్లలో నున్నచో, రానుబోను మొత్తము 110. చిన్నది చాలును. ఆసుపత్రి 50 కిలోమీటర్లైనచో మొత్తము 150. పెద్దది కావలెను.

ఏండ్లు గడచినకొలది బ్యాటరీ పట్టు శక్తి కొంత తగ్గును. కావున అంచుకు సరిపోవు లెక్కను నమ్మరాదు. ఇంట 15 ఆంపియర్ల సాకెట్టును, సరియైన ఎర్తింగును తెలిసిన పనివానిచే ముందే అమర్చుకొనుడు.

ధరలోని భేదమెన్ని ధాన్యపు బస్తాలగునో యింటిల్లిపాదియు కూర్చుండి చూచుకొనుడు. మీ దారికి చిన్నది చాలునన్నచో ఆ బస్తాలు గాదెలోనే యుండనిండు.