వేలిముద్ర పడని చోట

 

ఈ పూట, పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లైన మీతో, పోస్టాఫీసు గురించి మాట్లాడాలని ఉంది. ఉత్తరాలే రాయని కాలంలో దానికి పనేముందని మీకు అనిపించవచ్చు. డెన్మార్క్‌లో 1624 నుంచి సాగిన ప్రభుత్వ తపాలా 2025 ఆఖరుకు ఉత్తరాల బట్వాడా ఆపేసింది. మన టెలిగ్రామ్ 2013 జులైలోనే పోయింది. కానీ మన దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులున్నాయి. పదింట తొమ్మిది పల్లెల్లోనే. వాటిలో కూర్చునే మనిషి ఊరందరికీ తెలిసినవాడు. ఆ పరిచయాన్ని ఏ యాప్‌తోనూ కొనలేం.

తెలంగాణ పల్లెలో వేలిముద్రతో పింఛన్లు పంచే రోజు ఒకసారి చూడండి. బ్రాంచి పోస్ట్‌మాస్టరు చేతిలో చిన్న మిషను. ఒక అవ్వ బొటనవేలు పెడుతుంది, పడదు. కొంగుతో తుడుచుకుని చూపుడువేలు పెడుతుంది, అదీ పడదు. కలుపు తీసీ, బీడీలు చుట్టీ గీతలు అరిగిపోయాయి. ఆమె ఎవరో ఎదురుగా ఉన్న పోస్ట్‌మాస్టరుకు తెలుసు, మిషనుకు తెలియదు. అంతలో సిగ్నల్ పోతుంది. ఆమె తప్పేమీ లేకుండానే ఆ పూట కూలి పోతుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

మరోవైపు, 2018 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు పుణ్యమా అని, ఖాతా ఏ బ్యాంకులో ఉన్నా ఆధార్‌తో ముడిపడితే చాలు, పోస్ట్‌మ్యాన్ గుమ్మం దగ్గరే డబ్బు తీసిస్తున్నాడు. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇంట్లోనే అయిపోతోంది. తపాలా మారాల్సిన దారి ఇదేనని నా నమ్మకం: ఫోను చేతగాని వాళ్ల దగ్గరకు డిజిటల్ సేవను మనిషి చేత పంపడం.

ఇక చిరునామాల సంగతి. 1972లో వచ్చిన పిన్‌కోడ్ ఒక ప్రాంతాన్ని చూపుతుంది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి తపాలా శాఖ తయారుచేసిన డిజిపిన్ దాదాపు నాలుగు మీటర్ల గడిని చూపుతుంది. డోర్ నంబరే లేని తండాల్లో అంబులెన్సుకు కూడా అది పనికొస్తుంది. అక్షరాలు, అంకెలు కలిపి పది ఉండే ఆ కోడును చదువురాని మనిషి ఎలా చెప్పగలదన్నది ఇంకా తేలాల్సిన సంగతి.

ఉద్యోగాల్లో చేరేలోపు మీ ఊరి పోస్టాఫీసుకు వెళ్లండి. ఒక పూట అక్కడ కూర్చుని, మిషను ఎక్కడ మొరాయిస్తోందో రాసుకోండి. మీ మొదటి ప్రాజెక్టు ఆ కాగితంలోంచి రావాలని కోరుకుంటున్నాను.