కాన్పు ఎచ్చట?



ఇంటిలో కోడలు గర్భవతియైనదని తెలిసిన నాటినుండి పెద్దలు ఎన్నో సంగతులు మాటాడుకొందురు. ఏ నెలలో గాజులు తొడిగింపవలెను, ఏ నెలలో పుట్టింటికి పంపవలెను, పురిటికి సాయముగా ఎవరు రావలెను అని ఆలోచింతురు. కాన్పు ఎచ్చట జరుగవలెనను మాటను మాత్రము తరచుగా ఎవరును అడుగరు. దానిని ఆచారమే నిర్ణయించి యుంచినది. తొలిచూలు పుట్టింట, తరువాతివి వీలును బట్టి. ఆరోగ్యవతియైన స్త్రీ విషయములో ఈ పద్ధతి వలన చిక్కు రాకపోవచ్చును. గర్భిణికి గుండెజబ్బో, రక్తపుపోటో, మధుమేహమో, తీవ్రమైన రక్తహీనతయో ఉన్నప్పుడు ఈ నిర్ణయమును ఆచారమునకు విడిచిపెట్టరాదు. నేడు మేము మనవి చేయదలచినది ఇదియే.

మదనపల్లె ప్రాంతమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆర్కాటు మిషనువారు 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని నెలకొల్పిరి. స్త్రీలకు పురుషుడు వైద్యము చేయుటకు పెక్కు కుటుంబములు ఒప్పుకొనని కాలమది. ఆ మిషనుకే చెందిన వైద్యుని కుమార్తె ఐడా స్కడర్ ఉదంతము మీలో కొందరు వినియే యుందురు. 19వ శతాబ్దపు చివరి దశాబ్దములో, తిండివనములో, ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడుమని ఆమెను వేడిరి. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. వైద్యుడైన తండ్రి వచ్చుటకు వారు అంగీకరింపలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె తరువాత వైద్యము చదివి వచ్చి, 1900లో వేలూరులో ఒక చిన్న దవాఖానా తెరచెను. నేటి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు అదియే మూలము. ఆ రాత్రి వైద్యుడు దగ్గరనే ఉన్నాడు. అయినను స్త్రీలు దక్కలేదు. దూరము ఒక్కటే ఆపద కాదని ఆ ఉదంతము చెప్పుచున్నది.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము మరియొక పాఠము నేర్పినది. అచ్చట 1915లో క్షయ శానిటోరియము ప్రారంభమైనది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమొట్ మోలర్ దానికి తొలి అధికారి. క్షయకు మందులేని ఆ రోజులలో మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవే చికిత్స. రోగి ఇల్లు విడిచి నెలల తరబడి అచ్చట ఉండవలసినదే. పిదప మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, కొందరు రోగులను శానిటోరియములోను, కొందరిని వారి ఇండ్లలోను ఉంచి మందులిచ్చి పరీక్షించినది. ఇంటి చికిత్స శానిటోరియపు చికిత్సకు తీసిపోదని 1959లో వెలువడిన ఫలితములు చూపినవి.

చూడుడు, శానిటోరియములో ఉండిన క్షయ చికిత్స ఇంటికి వచ్చినది. ఇంటిలో జరిగెడి కాన్పు ఆసుపత్రికి పోయినది. ఈ రెండు మార్పులకును ఆధారము ఒకటే. స్థలమును నిర్ణయింపవలసినది అలవాటు కాదు, రోగస్వభావము.

క్షయ ఉన్న గర్భిణినే తీసుకొందము. మామూలుగా వాడు తొలి శ్రేణి మందులను ఆమె వైద్యుని సలహాతో కొనసాగింపవచ్చును. తనంతట తాను మానుటయే అపాయము. శిశువు వినికిడికి హాని చేయు స్ట్రెప్టోమైసినును మాత్రము ఆమెకు ఇయ్యరు. చికిత్స చక్కగా సాగుచు, వేరే చిక్కులు లేనిచో, ఆమె దగ్గరి ఆసుపత్రిలోనే పురుడు పోసుకొనవచ్చును. తన జబ్బు సంగతి అచ్చటివారికి ముందుగా తెలుపవలెను.

గుండెజబ్బు అట్టిది కాదు. చిన్ననాట కీళ్ళవాతపు జ్వరము వచ్చి గుండె కవాటము ఇరుకైన స్త్రీలు మన పల్లెలలో ఉన్నారు. కొందరికి ఆ సంగతి గర్భము వచ్చువరకు తెలియనే తెలియదు. గర్భకాలములో శరీరములోని రక్తము నూటికి నలుబది పాళ్ళకు పైగా పెరుగును. ఇరుకైన కవాటము ఆ భారమును మోయలేదు. ఆయాసమును చూచి, నెలలు నిండుచున్న లక్షణమే యని ఇంటివారు సరిపెట్టుకొందురు. పురుటి గడియలును, ఆ తరువాతి కొన్ని దినములును ఈమెకు మిక్కిలి గండము. కనుక స్త్రీవైద్యురాలు, గుండె వైద్యుడు, మత్తుమందు వైద్యుడు ఒక్కచోట దొరకు ఆసుపత్రి ఆమెకు కావలెను.

పెద్దాసుపత్రికి పోయినచో కడుపు కోయుదురని కొందరు జంకుదురు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలినది. కనుక ఆ జంకు కేవలము భ్రమ యనలేము. అయినను గుండెజబ్బు ఉన్నంత మాత్రమున ఆపరేషను తప్పనిసరి కాదు. నొప్పులు తెలియకుండ మందిచ్చి, కనిపెట్టి యుండి, పెక్కుమందికి మామూలు కాన్పే చేయుదురు. ఆపరేషను ఎందుకని అడుగుట మన హక్కు. ఆ భయముతో అసలు పోకుండుట అపాయము.

తక్కిన జబ్బుల సంగతియు ఇట్లే. రక్తములో హీమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గినచో గర్భిణికి రక్తహీనత యందురు. 7కు తగ్గినచో అది తీవ్రము. పై సర్వేలోనే మన రాష్ట్రపు గర్భిణులలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కనబడినది. తీవ్రమైన రక్తహీనత గల స్త్రీకి మామూలుగా పోవు రక్తము సైతము ప్రాణము మీదికి తెచ్చును. రక్తనిధి లేని చోట ఆమె కాన్పు తగదు. రక్తపుపోటు 140/90 చేరినచో, తలనొప్పి, కన్నుల మసక, పొట్ట పైభాగమున నొప్పి కలిగినచో, గంటలు లెక్కింపవలసినదే. మధుమేహము గల తల్లికి పుట్టిన శిశువునకు తొలి గంటలలోనే రక్తములో చక్కెర పడిపోవచ్చును. అచ్చట శిశువైద్యుడు అవసరము.

మన మూడు ఊళ్ళను చూడుడు. మదనపల్లెలో ప్రభుత్వ ఆసుపత్రియు, పాత మిషను ఆసుపత్రియు ఉన్నవి. పుంగనూరు దానికి సుమారు 30 కిలోమీటర్లు. అచ్చటినుండి పలమనేరు మీదుగా పోయినచో కుప్పము. అచ్చట 2001లో ఏర్పడిన పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రియు, స్విమ్సు ఉన్నవి. మదనపల్లెనుండి సుమారు 120 కిలోమీటర్లు. కుప్పమువారికి కోలారు, కృష్ణగిరి తిరుపతికంటె దగ్గర. అయితే సరిహద్దు దాటువారు తమకు ఏ ప్రభుత్వ పథకము అచ్చట చెల్లునో ముందే విచారింపవలెను. ఏ ఆసుపత్రికి పోయినను నాలుగు మాటలు అడుగుడు: అర్ధరాత్రి ఆపరేషను చేయగలరా? మత్తుమందు వైద్యుడు ఉండునా? రక్తము దొరకునా? బిడ్డకు కష్టమైనచో చూచువారున్నారా? నాలుగింటికిని ఔనను చోటే మనకు దగ్గర.

తల్లుల మరణములకు మూడు ఆలస్యములు కారణమని 1994లో థాడ్యూస్, మెయిన్ అను పరిశోధకులు వివరించిరి. పోవలెనని నిశ్చయించుటలో ఆలస్యము, చేరుటలో ఆలస్యము, చేరిన పిదప చికిత్స అందుటలో ఆలస్యము. రెండవదానికి 2005 నుండి 108 బండి కలదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమము వలన ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, మందులు, రక్తము, ప్రయాణము ఉచితము. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుచున్నవి. మొదటి ఆలస్యమునకు మాత్రము ఏ బండియు లేదు. అది మన ఇంటిలోనిది.

తుదకు ఒక ఇంటిని ఊహింపుడు. మెట్టినిల్లు కుప్పము, పుట్టినిల్లు పుంగనూరు చెంత ఒక పల్లె. అమ్మాయికి గుండె కవాటము ఇరుకని కుప్పములో వైద్యులు కనుగొని, నెలనెలా చూచుచున్నారు. ఏడవ నెలలో తండ్రి బండి కట్టించుకొని వచ్చినాడు. ఆమె బయలుదేరినచో, ఆమె గుండెను ఎరిగిన వైద్యులు వెనుకనే ఉండిపోవుదురు. ఆమెను పంపకున్నచో తల్లి మనసు నొచ్చును. ఇట్టిచోట ఏమి చేయవలెను?

పుట్టింటి కాన్పు అను ఆచారమునకు మూలము ఏమి? బిడ్డకు విశ్రాంతియు, కన్నతల్లి చేతి సేవయు దొరకవలెనని కదా! ఆ రెండును ఊరిలో లేవు, తల్లిలో ఉన్నవి. కూతురు తల్లి వద్దకు పోలేనప్పుడు తల్లియే కూతురు వద్దకు వచ్చి, ఆ రెండు మూడు నెలలు ఉండిపోవచ్చును. వియ్యపురాలి ఇంట అన్నాళ్ళు ఉండుట మర్యాద కాదని ఆమె సంకోచింపవచ్చును. అట్టి సంకోచమును తీర్పవలసినవారు అత్తగారు. "వదినా, మీరే రండి, పురుడు ఇచ్చటనే పోసుకొందము" అని ఆమె ముందుగా పిలిచినచో ఏ గౌరవమునకును లోపము లేదు. పంపక తప్పనిచో, పరీక్షల కాగితములన్నియు అమ్మాయి చేతికిచ్చి, అచ్చట ఏ ఆసుపత్రిలో చేరవలెనో వైద్యునిచేత వ్రాయించి, బయలుదేరకముందే ఆ ఆసుపత్రివారితో మాటాడవలెను.

మీ ఇంటిలో గర్భిణి ఉన్నచో, ఈ రాత్రి భోజనములైన పిదప, ఆమెను కూర్చుండబెట్టుకొని ఆ ఒక్క ప్రశ్న అడుగుడు. మొట్టమొదట ఆమె చెప్పునది వినుడు.